పూడ్చిన పగులు

నిన్న పక్క సీటు అమ్మాయి బిడ్డను డేకేర్‌లో దింపి వచ్చి, ఆ పాప సంచీని నా టేబుల్ మీద పెట్టింది. పౌడర్ వాసన గుప్పుమంది. ఎవరికైనా ఆ వాసనకు పసిపిల్లలు గుర్తొస్తారు. నాకు వసుంధర గారు గుర్తొచ్చారు. నేనిప్పుడు పనిచేసే చాండ్లర్‌లో, ఈ చల్లటి ఏసీ గదిలో, ఒళ్లు భగ్గున మండింది.

కార్ల కంపెనీలుండే ట్రాయ్‌లో నా మొదటి ఉద్యోగానికి ఆవిడ బాస్. కారు విడిభాగాలను అన్ని వైపుల నుంచీ వందల ఫొటోలు తీసి కంప్యూటర్‌కి ఇస్తే, అది వాటిని కలిపి త్రీడీ బొమ్మ అల్లుతుంది. ఆ అల్లికనే మెష్ అంటాం. లోహం తళతళలాడితే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఏమీ కనిపించదు. అందుకే వసుంధర గారు ప్రతి ముక్కకీ పిల్లల పౌడర్ అద్దేవారు. ఆవిడది కాకినాడ, నాది కరీంనగర్. ఎమ్మెస్ ముగించి, చదువయ్యాక కొన్నాళ్లు పనిచేయనిచ్చే ఓపీటీ మీద చేరాను. అది 2013. ఆ వసంతంలో కంపెనీ నాకు హెచ్-వన్ వీసా ఫైల్ చేయాలి. నా బతుకంతా ఆ ఒక్క సంతకం మీదే వేలాడుతోంది.

ఒకరోజు బ్రేక్ పెడల్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ ఒకటి వచ్చింది. పరీక్షల్లో వేలసార్లు తొక్కిన ముక్క. ఎక్కడైనా వంగిందా, చిట్లిందా అన్నది శుక్రవారంలోగా మేం తేల్చి చెప్పాలి. పౌడర్ అద్దితే మళ్లీ తుడవాలి, ఎవరు చేస్తారు ఆ చాకిరీ అని నేను అద్దకుండానే ఫొటోలు తీసేశాను. మెష్ ఒకటిన్నర రోజు నత్తలా పాకి, చివరికి ఎర్రర్ చూపించి ఆగిపోయింది.

"ఈ కంప్యూటర్‌కి మెమరీ సరిపోతలేదు మేడమ్," అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడందట నీలాంటిదే. ఫొటోలు చూశావా?"

"చూసిన."

"చూశావా, లెక్కపెట్టావా? ఒక్కొక్కటీ తెరువమ్మాయ్. మెరుపు పడ్డవన్నీ తీసెయ్. పౌడర్ వేసి మళ్లీ తియ్."

అందరి ముందే అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. ఫొటోలు మళ్లీ తీయలేదు నేను. మొండికేసి, క్వాలిటీ తగ్గించి మళ్లీ నడిపాను. ఈసారి మెష్ వచ్చింది, కానీ వంపు దగ్గర బొటనవేలంత చిల్లు. చిల్లులు పూడ్చే బటన్ ఒకటుంది, నొక్కాను. నున్నగా పూడిపోయింది. అంతా బాగుందని రాసి, ఆ ముక్క పంపిన క్లయింట్‌కి రిపోర్ట్ పంపేశాను.

సోమవారం ఆవిడ బ్రాకెట్‌ని తెచ్చి నా ముందు పెట్టారు. "ఆ వంపు దగ్గర గోరుతో గీకి చూడు."

గోటికి తగిలింది. వెంట్రుకంత పగులు. నేను పూడ్చింది సరిగ్గా అక్కడే.

"క్లయింట్‌కి ఫోన్ చెయ్యి. ఏం చేశావో చెప్పు."

"మీరు చేయండి మేడమ్, ప్లీజ్. మళ్లీ స్కాన్ చేస్తున్నం అని చెప్తే అయిపోతది కదా. నా వీసా ఏం కావాలె?"

"వీసా నీది. ఆ బ్రేకు తొక్కే కాలు ఎవరిదో!"

చేతులు కట్టుకుని నా నెత్తిన నిలబడ్డారు. ఫోన్ చేసి, బటన్ నొక్కి చిల్లు పూడ్చిన సంగతి నేనే చెప్పాను. ఆవిడ పక్కనుంచి ఒక్క మాట అందించలేదు.

క్లయింట్ పని వేరే చోటికి పట్టుకుపోయాడు. కంపెనీ నా హెచ్-వన్ ఫైల్ చేయలేదు, ఉద్యోగమూ పీకేసింది. ఆఖరి రోజు ఆవిడ పార్కింగ్ లాట్ దాకా వచ్చారు. "రిఫరెన్స్‌కి నా పేరు ఇయ్యి," అన్నారు. నీ నిజాయితీ తీసుకెళ్లి పొయ్యిలో పెట్టుకో అని మనసులో అనుకుని కారెక్కాను. కానీ ఇవ్వడానికి నాకు ఇంకో పేరు లేదు. సిగ్గు చంపుకుని ఆవిడ పేరే ఇచ్చాను.

ఓపీటీ గడువు తీరకముందే దొరికిన ఈ చాండ్లర్ ఉద్యోగంలో చేరిన కొన్ని నెలలకు, ఇక్కడి మేనేజర్ లంచ్ దగ్గర నవ్వుతూ చెప్పాడు, నన్నెందుకు తీసుకున్నాడో. వసుంధర గారు ఫోన్‌లో అతనితో అన్నారట: "ఆ అమ్మాయి ఒక తప్పు చేసింది. ఎవరూ పట్టుకోలేదు. తనంతట తనే క్లయింట్‌కి ఫోన్ చేసి చెప్పింది. అలాంటి మనిషి మీకు దొరకదు."

లంచ్ పక్కకు నెట్టేశాను. తనంతట తనా? పీక మీద కూర్చుని చెప్పించి! ఇంత చక్కగా అబద్ధమాడగల మనిషి, ఆ సోమవారం నా కోసం ఒక్కటి ఆడలేకపోయారా? ఆ కోపం నాకింకా తగ్గలేదు. ఆవిడ నంబర్ నా ఫోన్‌లో ఉంది, ఇంతవరకు చేయలేదు. చేస్తే ముందు తిడతాను. ఆవిడ ఆడిన ఆ అబద్ధాన్ని నిజం చేసే చాకిరీ మాత్రం నా నెత్తిన పడింది.

ఇవాళ పొద్దున ఒక మెష్‌లో మళ్లీ చిల్లు వచ్చింది. పూడ్చే బటన్ అక్కడే ఉంది, ఎవరూ చూడటం లేదు. ఆవిణ్ణి నోరారా తిట్టుకుంటూ లేచి, పౌడర్ డబ్బా తెచ్చుకున్నాను.