కవరు వెనక రాసిన గుర్తులు

"చూడబ్బాయ్, ముక్కు మీద గుంట ఏదీ? దుమ్మనుకుని తుడిచేసింది!" అన్నాడు స్టూడియో బాబాయి నాతో, కంప్యూటర్ తెరకు భూతద్దం ఆనించి.

పాత ఫొటోలను ఏఐతో బాగుచేసే ఆన్‌లైన్ సైటంటే ఆయనకు దొంగను ఇంట్లో పెట్టుకున్నట్టే. ముప్పై ఏళ్లు కుంచెతో ఫొటోలు దిద్దిన చేయి ఇప్పుడు వణుకుతోంది, వేరే దారి లేదు. అందుకే ముఖంలోని గుర్తులన్నీ ముందుగా కవరు వెనక పెన్సిలుతో రాసుకుంటాడు. అసలు స్కాను దాచి, సైటుకు కాపీ మాత్రమే ఎక్కిస్తాడు. తిరిగొచ్చాక ఒక్కో గుర్తుకూ టిక్కు పెడతాడు.

ఈ కవరు మూలింటి టీచరమ్మది. చనిపోయిన భర్తది ఆమె దగ్గర మిగిలిన ఫొటో ఇదొక్కటే.

"ముఖం నున్నగా చేసి ఇస్తే ఆవిడ ఎవర్ని చూసుకుంటుంది?" అంటూ ఆ గుంటను అసలు స్కాను నుంచి తెచ్చి అతికించి, ప్రింటు తీశాడు. అయినా అనుమానం తీరలేదు. "పెదవుల దగ్గర ఫొటో వెలిసిపోయింది. ఈ నవ్వు అది సొంతంగా గీసుకుంది. ఆయన ఇలాగే నవ్వేవాడో లేదో నాకేం తెలుసు?"

బాగానే ఉందన్నాను.

"నువ్వూ దాని పార్టీయేనా!" అని కవరు నా చేతిలో పెట్టాడు. "నీ దారే కదా, ఇచ్చి రా. బాగుందా అని మాత్రం అడక్కు, మొహమాటానికి బాగుందనేస్తుంది. ఊరికే ఆవిడ ముఖం చూడు. ఒక్క క్షణం తడబడినా వెనక్కి పట్టుకొచ్చెయ్."