బాటసింగారంలో కళ్ల క్యాంపు

నేను డిగ్రీలో చేరిన ఏడాది, కొత్త పిల్లలకు కాలేజీ పరిచయ సభ పెట్టిన రోజున ఎల్బీనగర్ చౌరస్తాలో ప్రత్యేక రాష్ట్రం కోసం రాస్తారోకో జరుగుతోంది. కిటికీలన్నీ మూసినా డప్పుల చప్పుడు హాల్లోకి వస్తూనే ఉంది. వేదిక మీద ప్రిన్సిపాల్ గారు మైకు సరిచేసుకుని, "రాజకీయాలు గేటు బయటే వదిలి రండి" అన్నారు. ఆ మాట పూర్తి కాకముందే బయట నినాదం పైకి లేచింది. అది తగ్గుతుందేమోనని ఆయన కాసేపు ఆగి చూశారు. తగ్గలేదు. చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

మాది పోచంపల్లి. నాన్న మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నాక మేం ఇక్కడికి వచ్చాం. ఆ రోజు నా పక్కన కూర్చున్న అమ్మాయి వాళ్లది గుంటూరు వైపు. వాళ్ల నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్ నడుపుతూ లెక్కలు చెప్పేవారు. "ఏవండీ, ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని నన్ను అడిగి కూర్చుంది. నా వయసు పిల్ల నన్ను అండీ అనడం అదే మొదటిసారి.

ప్రిన్సిపాల్ గారి తర్వాత చివరి ఏడాది చదివే ఒక సీనియర్ లేచాడు. నల్లగొండ అవతలి పల్లె అతనిది. కాలేజీ సేవా కార్యక్రమాలకు విద్యార్థుల తరఫున అతనే పెద్ద. మైకు ముట్టుకోలేదు. "మీకు గీ కాలేజీల ఎవ్వలు తెలువకున్నా నేను తెలుసనుకోండ్రి. ఏదన్న పరేషాన్ ఉంటె నాకు చెప్పుండ్రి" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరినీ లేపి ఏ ఊరో అడిగాడు. నా పక్కనున్న అమ్మాయి గుంటూరు పేరెత్తగానే వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. అతను అటు తిరిగి చూశాడు. అంతే, సద్దుమణిగింది.

"మంచిగైంది చెల్లె. మా క్యాంపులకు బోర్డులు రాసెటోళ్లు లేరు. నువ్వు రాస్తవా?" అన్నాడు.

"రాస్తానండి" అంది.

ఆ రోజు నుంచి అతను మా ఇద్దరికీ అన్న అయ్యాడు.

సోషియాలజీ చెప్పే మేడం ఆ కార్యక్రమాలను చూసేవారు. శనివారాలు హయత్‌నగర్ సర్కారు బడిలో పిల్లలకు చదువు చెప్పేవాళ్లం. దసరా దాటాక ఉద్యమం వేడెక్కింది. పరీక్షలు వాయిదా పడ్డాయి. వారంలో సగం రోజులు బంద్. తార్నాక వైపు నుంచి వచ్చేవాళ్లు యూనివర్సిటీలో జరిగిన లాఠీచార్జీ సంగతులు చెప్పేవాళ్లు. మా ఇంట్లో నాన్న దుకాణం షట్టర్ సగం దించి కూర్చుని, ఈసారి వస్తది, తప్పకుండా వస్తది అనేవారు. నా స్నేహితురాలి ఇంట్లో వాళ్లమ్మ కోచింగ్ సెంటర్ బోర్డు తీసేయమని పోరుతోందట. మేమిద్దరం ఆ విషయాలు మాట్లాడుకునేవాళ్లం కాదు. బడికి పోయి పిల్లలకు ఎక్కాలు చెప్పి వచ్చేవాళ్లం.

అన్న మాత్రం మారిపోతున్నాడు. పాఠం మధ్యలో ఆగి కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయేవాడు. మాతో కలిసి టీ తాగడం మానేశాడు. ఒక సాయంత్రం హయత్‌నగర్ డిపో ముందు బస్సు కోసం నిలబడి ఉండగా ఉన్నట్టుండి అడిగాడు.

"ఒక మనిషి పానం పోతె గవర్నమెంటు కదులుతదా?"

నా స్నేహితురాలే అంది, "కదలదన్నా. ఇంట్లోవాళ్లు కుప్పకూలిపోతారు, అంతే."

అన్న ఆమెను చాలాసేపు చూశాడు. బస్సు వచ్చింది. మేం ఎక్కాం, అతను ఎక్కలేదు. "మీరు పోండ్రి, నేను నడుసుకుంట వస్త" అన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడి ఉన్నాడు. నా పక్కన ఆమె తన చున్నీ కొంగును వేలికి గట్టిగా చుట్టుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే మేమిద్దరం మేడం దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాం. ఆమె తేలిగ్గా తీసిపారేయలేదు. అన్నను స్టాఫ్ రూములోకి పిలిచి తలుపు వేశారు. రెండు క్లాసులు అయ్యేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. బయటికి వచ్చినప్పుడు అన్న కళ్లు ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని చూసి, "ఏంది చెల్లె, మేడంకు చెప్పిండ్రా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా, నవ్వాడు కదా అనుకున్నాను.

చలికాలంలో బాటసింగారం బడిలో ముసలివాళ్లకు కళ్ల క్యాంపు పెట్టాం. ఆ పొద్దున మా కాలేజీ బస్సు నంబరు మీద ఏపీ అక్షరాలను డ్రైవర్ రంగుతో చెరిపేసి టీజీ అని రాశాడు. "గిట్ల రాస్తెనే రోడ్డు మీద పోనిస్తరు మేడం" అన్నాడు. మాకంటే ముందే వెళ్లి బెంచీలు వేయించాల్సింది అన్న. మేం వెళ్లేసరికి గదులకు తాళాలు ఉన్నాయి. ఎవ్వరూ రాలేదని బడి ఆయమ్మ చెప్పింది. మేడం ఫోన్ చేశారు. స్విచాఫ్.

మేమే బెంచీలు వేసుకున్నాం. ముసలివాళ్లు వరుసలో కూర్చున్నారు. నా స్నేహితురాలు పెద్ద పెద్ద తెలుగు అక్షరాల చార్టు గోడకు తగిలించి, కర్ర పట్టుకుని ఒక్కో అక్షరం చూపిస్తోంది. మధ్యాహ్నం వేళ ఒకతను మోటారు సైకిల్ మీద వచ్చి గేటు దగ్గరే ఆగాడు. లోపలికి రాలేదు. ఇంజన్ కూడా ఆపలేదు.

"ఎల్బీనగర్ల పోరడు ఒంటికి అగ్గి పెట్టుకున్నడట. కాలేజీ పోరడట."

మేడం మళ్లీ ఫోన్ చేశారు. మళ్లీ చేశారు. వరుసలో ముందు కూర్చున్న అవ్వ ఒక కన్ను అరచేత్తో మూసుకునే, "ఎవ్వల కొడుకు బిడ్డా?" అని అడిగింది.

"తెలీదమ్మా" అంది నా స్నేహితురాలు. కర్రను రెండు చేతులతో పట్టుకుని తర్వాతి అక్షరం మీద పెట్టింది. వచ్చినవాళ్లను వెనక్కి పంపలేక మేడం వరుస అయ్యేదాకా ఉన్నారు. ఆ గంటలు ఎలా గడిచాయో నేను చెప్పలేను.

బస్సు హయత్‌నగర్ దాకానే పోయింది. ముందు రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. మిగతా పిల్లలను, డాక్టర్లను అక్కడి బడిలో కూర్చోబెట్టి మేడం నడుస్తామన్నారు. మేమూ వస్తామన్నాం. వద్దన్నారు. మా ఇళ్లు అటే కదా అని పట్టుబట్టాం. చివరికి ఒప్పుకుని నా స్నేహితురాలితో, "దారిలో నువ్వు మాట్లాడొద్దమ్మా" అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆమె అడగలేదు.

షాపులన్నీ మూసి ఉన్నాయి. అంత పెద్ద హైవే మీద ఒక్క బండీ లేదు. పొగ పైకి లేవకుండా రోడ్డు మీద పాకుతోంది. కొంత దూరం వెళ్లాక కర్రలు పట్టుకున్న కొందరు మాకు అడ్డం వచ్చారు.

"యాడికి?"

"కాలేజీ పిల్లలం అన్నా. క్యాంపుకు పోయొస్తున్నం" అన్నాను.

వాళ్లలో ఒకతను నా స్నేహితురాలి వైపు చూశాడు. "గీమె మాట్లాడదా? ఏ ఊరు నీది?"

మేడం ఏదో అనబోయారు. అంతలో ఆమే నోరు తెరిచింది. "మా సీనియర్ ఒకాయన పొద్దుట్నుంచి కనబడట్లేదండీ. ఆ అబ్బాయి ఆయనేనేమో అని వెళ్తున్నాం."

ఆ అండీ గాలిలో అలాగే ఉండిపోయింది. టైరు చిటపటలాడుతోంది. అతను కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత పక్కకు జరిగాడు.

"కొత్తపేట దాటినంక దవాఖాన ఉంటది, గాడికి తీస్కపోయిండ్రు" అన్నాడు. "జర పక్కకెల్లి పోండ్రి. ముందట పోలీసులున్నరు."

దవాఖాన ముందు జనం, పోలీసులు. లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు. ఎదురుగా ఫుట్‌పాత్ మీద, మూసిన మందుల షాపు మెట్టు మీద, అన్న కూర్చుని ఉన్నాడు. కాళ్లకు చెప్పులు లేవు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. నా స్నేహితురాలు ఏడుస్తూ అక్కడే కూలబడింది. నాకు మాత్రం, సిగ్గు లేకుండా, ప్రాణం లేచొచ్చింది. మా అన్న కాదు. ఆ క్షణంలో లోపల ఉన్న పిల్లవాడు నాకు గుర్తు లేడు.

మేడం అతని పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశారు.

"నా రూమోడు మేడం" అన్నాడు అన్న.

కర్మన్‌ఘాట్‌లో ఒకే గది కిరాయికి తీసుకుని ఇద్దరూ ఉండేవాళ్లు. ఆ పిల్లవాడు వేరే కాలేజీ. మేం ఎన్నడూ చూడలేదు. పొద్దున అన్న క్యాంపుకు బయలుదేరుతుంటే, వాడు చౌరస్తా దాకా వస్తానని వెంట వచ్చాడట. అన్న టీ తేవడానికి పోయి తిరిగి చూసేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఆర్పడానికి పరుగెత్తింది అన్నే.

రెండు మూడు రోజులకు ఆ పిల్లవాడు పోయాడు. కాలేజీ మూతపడింది. అన్న వాళ్ల నాన్న వచ్చి అతన్ని ఊరికి తీసుకుపోయాడు. నా స్నేహితురాలి ఇంట్లో సామాన్లు సర్దడం మొదలుపెట్టి, ఎందుకో మళ్లీ ఆపేశారు. ఆమె మాతోనే డిగ్రీ పూర్తి చేసింది.

ఎండాకాలంలో పరీక్షలకు అన్న వచ్చాడు. చేతుల మీద చర్మం ముడతలు పడి మెరుస్తోంది. కలం పట్టుకోవడం కష్టంగా ఉందని, కాలేజీ అనుమతితో నా స్నేహితురాలు అతని జవాబులు రాసింది. చివరి పరీక్ష అయ్యాక ముగ్గురం గేటు బయట చెరుకు రసం తాగుతున్నాం. అన్న గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగాడు.

"ఆ దినం మేడం నన్ను కూసోబెట్టి అడిగింది చెల్లె. అన్నం తిన్నవా, అమ్మతోని మాట్లాడినవా అని. ఇంటికి ఫోన్ చేపిచ్చింది. నేను, నా రూమోడు కలిసి చేద్దామనుకున్నది. నేను అప్పుడే మనసు మార్చుకున్న. రూముకు పోయి గదే చెప్పిన వానికి, నేను చెయ్య అని." ఖాళీ గ్లాసు బండి మీద పెట్టాడు. "వాడు సరె అన్నడు. వాన్ని ఎవ్వలు అడగలె."

రోడ్డు అవతల ఊరేగింపు ఒకటి చౌరస్తా వైపు పోతోంది. అందులో చాలామంది మా వయసువాళ్లే. నా స్నేహితురాలు ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ నిలబడింది.