బ్రేకు టీచరు కొన్న కారు

ఏడో కారు దిగి తలుపు వేస్తూనే ఆమె పెదవి విరిచింది.

"క్లచ్ మరీ పైకొచ్చాక పట్టుకుంటోందండీ. దూరప్రయాణానికి పనికిరాదు."

కారు యజమాని మందుల షాపాయన. ఆదివారం షాపు మూసుకుని మరీ వచ్చాడు. ఆమె అడిగిందని వీధి చివరిదాకా తనే నడిపి, తనే వెనక్కి తెచ్చాడు.

"మీరు నడపనే లేదు కదమ్మా, క్లచ్ సంగతి ఎలా తెలిసింది?"

"మీ మోకాలు చూశాను."

ఆయన వంగి తన మోకాలు తను చూసుకున్నాడు. ఆమె వెంట వచ్చి వెనక నిలబడ్డ మెకానిక్ దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మోకాలు చూసి క్లచ్ సంగతి చెప్పడం ఆమెకి అబ్బిన విద్య. ఇరవై నాలుగేళ్లు డ్రైవింగ్ స్కూల్లో పనిచేసింది. చేరింది అప్లికేషన్లు నింపే పనికి. ఒకరోజు పాఠం చెప్పే ఆయన రాలేదు, ఆడవాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు, అప్పుడే లైసెన్సు తీసుకున్న ఈమెని ఓనరు బండెక్కమన్నాడు. మళ్లీ దిగలేదు. పక్క సీట్లో ఆమె కాలి కింద విడిగా ఒక బ్రేకు ఉండేది. నేర్చుకునేవాళ్లకి భయం పుట్టకముందే ఆమె దాన్ని తొక్కేసేది. అందుకే ఊళ్లో సగం మందికి ఆమె బ్రేకు టీచరు. స్కూలు మూతపడి నాలుగు నెలలైంది, కుడికాలు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ఎవరి కారెక్కినా, బస్సెక్కినా, ఆఖరికి ఇంట్లో టీవీలో కార్లు కనపడినా నేలని తొక్కుతూనే ఉంటుంది.

ఇప్పుడు కారు కావలసింది అక్క కోసం.

అక్క టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్ఫై ఏళ్లు ట్రంక్ కాల్సు కలిపింది. ఏ ఊరి ఫోను కోడు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, ఆ ఊళ్లలో ఒక్కటీ చూడలేదు. రెండురోజుల ప్రయాణమంత దూరాన, ఒక కొండ ఊరి ఎక్స్చేంజిలో మరొకావిడ ఉండేది. లైను కలిపేటప్పుడు ఆపరేటర్లు ఊళ్లని బట్టే పిలుచుకునేవాళ్లు. ఈ ఇద్దరికీ అవే పేర్లు ఖాయమైపోయాయి. ఈవిడ పట్నం, ఆవిడ కొండ. లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు మొదలైన కబుర్లు, ఎక్స్చేంజీలు పోయి, ఇద్దరూ రిటైరై, చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చినా ఆగలేదు. ఒకరి మొహం ఒకరు చూసింది మాత్రం లేదు. వీడియోలో చూసుకుందామే అంటే కొండ ఒప్పుకోలేదు. "ఇన్నేళ్లు బాగానే గడిచింది కదే, ఇప్పుడు మొహాలు చూసుకుని పాడుచేసుకోవడం దేనికి?" అంది.

ఈ నెల ఇరవైన కొండకి గొంతు ఆపరేషను. పంతొమ్మిదిన ఆస్పత్రిలో చేరాలి. తరవాత మాట వస్తుందో రాదో డాక్టర్లు తేల్చి చెప్పడం లేదు. మాట ఉండగా ఒక్కసారి ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని అక్క పట్టుపట్టింది. ఆ ఊరికి రైలు లేదు. తుంటికీలు మార్పించుకున్న అక్కకి బస్సు మెట్లెక్కడం కుదరదు. "టాక్సీ మాట్లాడేద్దామే," అంటే చెల్లెలు అంతెత్తున లేచింది.

"ఇంట్లో డ్రైవింగ్ టీచర్ని పెట్టుకుని టాక్సీ ఏమిటక్కా? నలుగురూ నవ్విపోతారు. చవకలో ఒక మంచి పాతకారు చూస్తాను. నీ నడుం కదలకుండా తీసుకెళ్తాను."

ఆ మాట అని మూడు వారాలైంది. ఇవాళ పన్నెండో తారీకు.

మొదటి కారు స్టీరింగు ఒక పక్కకి లాగింది. రెండోదాని సీటు మరీ లోతు, అక్క అందులో కూర్చుంటే పైకి తియ్యడానికి ఇద్దరు కావాలి. మూడోదాంట్లో పెట్రోలు వాసన. నాలుగోది అన్నివిధాలా బాగుంది. బాగున్న కారు ఇంత చవగ్గా ఇస్తున్నారంటే ఏదో ఉండే ఉంటుందని వదిలేసింది. అయిదోదాని యజమాని మాటలు నచ్చలేదు. ఆరోది ఎందుకొద్దందో మెకానిక్ అడిగాడు కానీ, ఆమె అప్పటికే రోడ్డు దాటేసింది.

ఆ సాయంత్రం ఇంట్లోనూ ఆమె ఒకచోట కూర్చోలేదు. పొయ్యిమీద పాలు పెట్టి బాల్కనీలోకి వెళ్లింది. కింద ఆగి ఉన్న కార్లని ఈ చివర్నించి ఆ చివరికి చూసి, మళ్లీ లోపలికొచ్చి, ఎందుకొచ్చిందో మరిచిపోయి నిలబడింది.

"పాలు పొంగుతున్నాయి," అంది అక్క కుర్చీలోంచి. "ఇవాళ్టి దానికేం రోగం?"

"క్లచ్."

"నిన్ను చేసుకుంటానని వచ్చినవాళ్లకీ ఇలాగే పెట్టావు వంకలు. ఒకడి నడక బాలేదు, ఒకడి నవ్వు బాలేదు."

"బాలేదు మరి."

ఫోను మోగింది. అక్క స్పీకరు పెట్టింది.

"ఏమే పట్నం, బయల్దేరారా?" కొండ గొంతు ఇసకలో నడుస్తున్నట్టుంది.

"కారు ఇంకా కుదర్లేదే."

"మీ ఊళ్లో కార్లకి కరువొచ్చిందా? ఇక్కడ నేను పక్కగది రోజూ దులుపుతున్నాను. నువ్వు రాకపోయినా గది శుభ్రపడిందిలే."

తరవాత ఏదో అనబోయింది. మాట రాలేదు. అక్క తొందరపెట్టలేదు, లైన్లో శబ్దం తగ్గితే ఆగడం ఆమెకి పాత అలవాటు. కాసేపటికి "రేపు చేస్తాలే" అని గుసగుసగా వినపడి ఫోను ఆగింది.

"గొంతు నిన్నటికన్నా తగ్గింది," అంది అక్క తనలో తను అనుకున్నట్టు.

చెల్లెలు కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

మంగళవారం పొద్దున్నే మెకానిక్ ఫోను చేశాడు. అతను ఒకప్పుడు ఆమె దగ్గర నేర్చుకున్నవాడే, లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఆ మొహమాటంతోనే ఇన్నాళ్లూ కారు కారుకీ వెంట తిరుగుతున్నాడు.

"మేడమ్, పశువుల డాక్టరుగారి బండి ఒకటుంది. ఎత్తు సీటు. లోపల కుక్కల వాసన, అందుకే ఎవరూ తీసుకోవట్లేదు, ఎంతకైనా ఇచ్చేసేలా ఉన్నారు. ఈసారి అక్కగారిని కూడా తీసుకురండి. లేకపోతే నావల్ల కాదు."

డాక్టరు చేతికి తొడుగులతోనే గుమ్మం దాకా వచ్చి, తాళాలు చిటికెనవేలితో అందించాడు. "లోపల ఒకదానికి కుట్లు వేస్తున్నాను. మీరే తిప్పి చూసుకోండి," అని వెళ్లిపోయాడు.

తాళాలు ఆమె చేతిలో ఉండిపోయాయి. "నువ్వు నడుపు," అంది మెకానిక్‌తో.

"శబ్దాలు వెనకనుంచే బాగా తెలుస్తాయి మేడమ్," అని అతను వెనక సీట్లో కూర్చున్నాడు.

కారు బూడిదరంగుది. తలుపులమీద గోళ్ల గీతలు, సీట్ల మూలల్లో తెల్ల వెంట్రుకలు. అక్క చేతికర్ర మెకానిక్‌కిచ్చి, కారుకి వీపు తిప్పి నిలబడింది. సీటు సరిగ్గా తుంటి ఎత్తున ఉంది. అలాగే వెనక్కి ఆనింది, కూర్చుంది, రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంది. దేన్నీ పట్టుకోలేదు.

"ఇదేనే," అంది.

"నడపకుండా ఏం తెలుస్తుంది?"

"నడుపు మరి."

ఆమె అద్దాలు సర్దింది. మళ్లీ సర్దింది. సీటు ముందుకి జరిపి, వెనక్కి జరిపి, బెల్టు లాగి చూసి, ఇక చెయ్యడానికేమీ మిగలక తాళం తిప్పింది. ఒకటో గేరు, రెండు, మూడు. పోస్టాఫీసు దగ్గర మలుపు, పార్కు గోడ, ఆస్పత్రి గేటు, షట్టరు దించేసిన డ్రైవింగ్ స్కూలు, మళ్లీ పోస్టాఫీసు. చెయ్యి అడక్కుండానే తిప్పుతోంది. ప్రతి మలుపుకీ ముందు పాఠం చెబుతున్నట్టు పెదవులు కదులుతున్నాయి.

"ఈ పార్కు ఇందాకే చూశాం," అంది అక్క.

"ఇంజను వేడెక్కాలి."

మూడోసారి కూడా పార్కు గోడ వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉంది. ఇంజను గోల చేస్తోంది.

"మేడమ్," అన్నాడు వెనకనుంచి మెకానిక్, బతిమాలుతున్నట్టు. "నాలుగు వెయ్యండి. పాపం, బండి అడుగుతోంది."

ఆమె కారుని గోడ వారకి తెచ్చి ఆపింది. నేర్చుకునేవాళ్లకి బండి వెనక్కి పెట్టడం ఆమె నేర్పిన చోటే అది. స్టీరింగుమీద చేతులు తియ్యకుండా, ముందుకే చూస్తూ అంది.

"నాలుగో గేరు నేనెప్పుడూ వెయ్యలేదు."

అక్క తల తిప్పింది.

"స్కూలు బండి ఈ నాలుగు వీధులూ దాటకూడదని ఓనరు రూలు. నాలుగూ అయిదూ ఇంజను ఆపి, బండి నిలబెట్టి, చేత్తో వేసి చూపించేదాన్ని. లైసెన్సు పరీక్ష గ్రౌండులోనే అయిపోయింది. తరవాత సొంత బండి ఎక్కడిది మనకి? మూడువేలమందికి నేర్పాను. వాళ్లు ఎక్కడెక్కడికో పోయారు. నేను ఈ పార్కు దాటలేదక్కా."

మెకానిక్ కిటికీలోంచి గోడని చదువుతున్నవాడిలా కూర్చున్నాడు. గోడమీద ఏమీ రాసి లేదు.

"మరి టాక్సీ అంటే నామీద ఎందుకెగిరావు?"

"అలవాటు. ఎవరైనా నాకు నడపడం రాదంటే..."

"ఎవరూ అనలేదే. నేను అసలే అనలేదు."

అక్క గొంతులో కోపం లేదు. అదే భరించడం కష్టమైంది. అక్క సంచిలోంచి ఫోను తీసి, కళ్లజోడు పెట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"కొండకి చెప్పేస్తాను. ఇప్పుడు టాక్సీ వెతికి, మాట్లాడి, అది వచ్చేసరికి ఏ రోజవుతుందో. రోజూ ఆ గది దులుపుతోంది. రావట్లేదని తెలిస్తే ఆ శ్రమైనా తప్పుతుంది దానికి."

"ఉండక్కా."

"ఎందుకూ?"

"ఉండమన్నానా."

కారు కదిలింది. పోస్టాఫీసు దగ్గర చెయ్యి మలుపువైపు పోబోయింది. ఆమె దాన్ని ఆపి, తిన్నగా పోనిచ్చింది. గుడ్డల కొట్లు దాటాయి, టైర్ల కొట్లు దాటాయి, ఇళ్లు పలచబడ్డాయి. ఎదురుగా వంతెన ఎక్కి హైవేలో కలిసే దారి వచ్చింది. ఇంజను మూడో గేరులో మొత్తుకుంటోంది.

"అద్దంలో చూడండి మేడమ్," అన్నాడు మెకానిక్ ముందుకి వంగి. "వెనక లారీ ఉంది, పోనివ్వండి. ఇప్పుడు కలవండి. క్లచ్. నాలుగు."

వేసింది. ఇంజను సణుగుడు మానింది.

"ఇంకొంచెం కాలు. చాలు. క్లచ్. అయిదు."

నిలబడ్డ బండిలో వేలసార్లు చేసి చూపిన కదలికే అది. కానీ ఇప్పుడు రోడ్డు మీదికి దూసుకొస్తోంది, ఆపడానికి పక్క సీట్లో ఎవరూ లేరు. పెద్ద ట్యాంకరొకటి దాటుకుపోతే ఆ గాలికి కారు పక్కకి ఊగింది. ఎనభై దాటగానే స్టీరింగు చేతుల్లో గజగజలాడింది. డెబ్భైకి, అరవైకి తగ్గించి అంచు వరస పట్టుకుంది. వెనకవాళ్లు హారన్లు కొట్టి తిట్టుకుంటూ దాటిపోతున్నారు. వెనక్కి తిరిగే దారి వచ్చి, ఆమె తేల్చుకునేలోపే వెళ్లిపోయింది. అక్క ఫోను చేతిలో పట్టుకుని, ఏ నంబరూ నొక్కకుండా రోడ్డుకేసి చూస్తోంది. ఒకచోట బోర్డుమీద ఊరిపేరు కనిపిస్తే, దాని కోడు పైకే చెప్పి మళ్లీ ఊరుకుంది.

పద్దెనిమిది కిలోమీటర్ల తరవాత పెట్రోలు బంకు వచ్చింది. ఆమె లోపలికి తిప్పి, గాలి పట్టే చోట ఆపి, ఇంజను కట్టేసింది. దిగలేదు. బ్లౌజు వీపుకి అంటుకుపోయింది. కూర్చునే మాట్లాడింది.

"సీటు గట్టిగా ఉంది. వెనక షాకబ్జార్బర్లు పోయాయి. ఎనభై దాటితే స్టీరింగు వణుకుతోంది."

"అంటే ఇదీ వద్దా మేడమ్?" మెకానిక్ నుదురు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"అవి బాగుచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

అతను ఒక క్షణం తెల్లబోయాడు. "సాయంత్రానికల్లా చేసేస్తాను. డాక్టరుగారితో కాగితాల సంగతి కూడా నేను మాట్లాడతాను."

ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. "రెండురోజుల్లో నావల్ల కాదక్కా. అరవై దాటను. చీకటి పడితే నడపను. కొండదారి ఇంకా నెమ్మది. నాలుగు రోజులు వేసుకో. రేపు పొద్దున్నే బయల్దేరితే పద్దెనిమిది సాయంత్రానికి చేరతాం. తెల్లారితే ఆవిడ ఆస్పత్రికి వెళ్లాలి." వేళ్లకేసి చూసుకుంటూ ఆగింది. "నేను మూడు వారాలు తినేశాను. నీకు మిగిలేది ఒక్క సాయంత్రం."

అక్క కళ్లజోడు సర్దుకుంది. "మూడేసి నిమిషాల ట్రంక్ కాల్సు కలిపినదాన్ని," అంది. "ఒక సాయంత్రం అంటే ఎంతో నాకు తెలుసు."

నంబరు నొక్కింది.

"కొండా, రేపు బయల్దేరుతున్నామే. పద్దెనిమిది సాయంత్రం."

"కారు దొరికిందన్నమాట. ఎలా ఉంది?"

"ఎత్తుగా ఉంది. కుక్కల కంపు."

"నడిపేదెవరు?"

"మా చెల్లెలే. ఇవాళే నేర్చుకుంది."

అవతలనుంచి నవ్వు, ఆ నవ్వు దగ్గులోకి పోయి, చాలాసేపు తెరిపివ్వలేదు. ఈ ముగ్గురూ ఫోనుకేసే చూస్తూ కూర్చున్నారు.

"మెల్లగా రమ్మను," అంది చివరికి, ప్రతి మాటా విడివిడిగా. "పంతొమ్మిది దాకా నేనెక్కడికీ పోను."

ఫోను సంచిలో పడింది. బంకువాడు వచ్చి కిటికీ తట్టి, గాలి పట్టించుకోకపోతే బండి తియ్యమన్నాడు.

"వెనక్కి నేను నడపనా మేడమ్?" అన్నాడు మెకానిక్.

"వద్దు," అంది ఆమె తాళం తిప్పుతూ. "ఇక్కణ్నించి హైవేలోకి మళ్లీ ఎలా కలవాలో మాత్రం చెప్పు. ఇందాక నేను సరిగ్గా వినలేదు."