కోట గుమ్మంలో మోగిన ఫోన్

ఆ లోయలో సిగ్నల్ ఉంది. లేదని ఇరవై ఏళ్లకు పైగా చెబుతూ వచ్చాను. ముందు ఆఫీసులో చెప్పాను. తర్వాత సింగపూర్‌లో, టోవా పాయోలోని మా ఇంటికి భోజనానికి వచ్చిన ప్రతి తెలుగు కుటుంబానికీ చెప్పాను. చెప్పగా చెప్పగా అదొక సరదా కథలా తయారైంది. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వై టూ కే గండం దాటి, కంప్యూటర్ నేర్చిన వాళ్లంతా సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. మా కంపెనీ రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక బ్యాంకుకు పనిచేసేది. నెలాఖరున ఆ బ్యాంకు లెక్కలు ముగించే ప్రోగ్రాములు నా చేతిలో ఉండేవి. అవి నడిచే ముందు ఆ నెల మారకపు రేట్ల ఫైలు ఎక్కించాలి. ఆ ఫైలు దానంతటదే ఎక్కేలా చేశానని నేను మా మేనేజర్‌కు చెప్పి ఆరు నెలలైంది. నిజానికి అది ఒక్క నెల కూడా పనిచేయలేదు. నెలాఖరు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక నేనే చేత్తో ఎక్కించేవాణ్ణి. వచ్చే నెలకు బాగుచేద్దాంలే అనుకునేవాణ్ణి. ఈలోగా మేనేజర్ ఆ పనిని మెచ్చుకుని నన్ను టీమ్ లీడ్‌ని చేసింది. ఇక చెప్పడానికి నోరు రాలేదు.

ఆ జూన్‌లో మా అమ్మాయికి బడి సెలవులు. ఇటలీ ఉత్తరపు కొసన ఆల్ప్స్ కొండల్లో ఒక లోయ ఉందనీ, దాని పొడుగునా మైలుకొక కోట ఉంటుందనీ నా భార్య ఏదో పత్రికలో చదివింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆవిడ ఫలానాది కావాలని నన్ను అడిగింది అదొక్కటే. సెలవు సరిగ్గా నెలాఖరు మీద పడింది. మా దగ్గర సెలవు పెట్టాలంటే బ్యాకప్ పేరు రాయాలి. అంటే, మనం లేనప్పుడు మన పని చూసే మనిషి. నా పక్క సీటులో ఉన్న మిత్రుడి పేరు రాశాను.

ఆయన హైదరాబాదీ. భార్యతో, ఏడేళ్ల కూతురితో పాసిర్ రిస్‌లో ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు, కోపం వస్తే రెండూ.

“ఏంది భాయ్, కోటలు చూడనీకి గంత దూరం పోతవా? మా గోల్కొండ ఏం పాపం చేసింది?” అన్నాడు.

“గోల్కొండలో చలి ఉండదు కదా భాయ్.”

“చలే కావాల్నంటే సర్వర్ రూమ్‌ల కూసో. జాకెట్ నేనిస్త.”

నేనిచ్చిన రెండు పేజీల నోట్ వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. చివరికొచ్చాక తలెత్తి, “చేత్తోని చేసేది ఏమన్న ఉంటే ఇప్పుడే చెప్పు భాయ్. రేపు నువ్వు దొరకవు” అన్నాడు.

“ఏం లేదు. అదే నడుస్తుంది,” అన్నాను.

ఆ నెల మాత్రం నిజంగానే నడుస్తుందేమోనని ఆశపడ్డాను. వెళ్లే ముందు రోజు ప్రోగ్రాములో రెండు లైన్లు మార్చాను కూడా. పరీక్షించి చూసే తీరిక లేదని నాకు నేను చెప్పుకున్నాను. పరీక్షిస్తే ఏం తేలుతుందోనని భయం.

లోయ అందంగా ఉందని చెప్పక తప్పదు. రెండు వైపులా కొండవాలులో మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, వాటి పైన బండల మీద కోటలు. మధ్యయుగాల నాటి పల్లెల్లో ఇళ్లకు పెంకుల బదులు రాతి పలకలు కప్పారు. ఒక ఊళ్లో అందరికీ కలిపి ఒకే రొట్టెల పొయ్యి ఉంది. పూర్వం ఏడాదికి ఒక్కసారే దాన్ని వెలిగించి, ఏడాదికి సరిపడా రొట్టెలు కాల్చి పెట్టుకునేవారట. “ఏడాది నాటి రొట్టెలా? నేను నిన్నటి పులిహోర పెడితేనే మొహం ముడుచుకుంటారు మీరు,” అని నా భార్య నన్ను దెప్పింది. ఆవిడ అంత హాయిగా నవ్వడం చూసి చాలా కాలమైంది.

మూడో రోజు ఉదయం పది గంటలకు ఒక కోట గుమ్మంలో నిలబడి ఉన్నాం. గుమ్మం దాటగానే వరండా గోడల మీద ఆనాటి బజారు బొమ్మలున్నాయి. దర్జీ కొట్టు, మాంసం కొట్టు, మందుల కొట్టు, పేకాడుకుంటున్న కాపలా సిపాయిలు. గైడ్ వాటిని చూపిస్తుండగా నా జేబులో ఫోన్ మోగింది. సింగపూర్‌లో అప్పుడు సాయంత్రం నాలుగు. తీసి చూశాను. నా మిత్రుడి పేరు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి.

“నాన్నా, ఫోన్ లా! పికప్ లా!” అంది మా అమ్మాయి. దానికప్పుడు ఎనిమిదేళ్లు, సింగపూర్ బడి పిల్లల్లాగే మాట మాటకీ ‘లా’ తగిలించేది.

ఎందుకు చేశాడో నాకు తెలుసు. ఫోన్ ఎత్తితే ఫైలు ఎక్కడుందో చెప్పాలి. చెబితే ఆరు నెలలుగా ఎవరు ఎక్కిస్తున్నారన్న ప్రశ్న వస్తుంది. మోగనిచ్చాను. ఆగి, మళ్లీ మోగింది. మొత్తం నాలుగుసార్లు. తర్వాత ఒక మెసేజ్: ‘రేట్ ఫైల్ ఎక్కలేదు. ఒక్క నిమిషం మాట్లాడు భాయ్.’ అది చదివి ఫోన్ ఆపేశాను.

“ఎవరండీ?” అని నా భార్య అడిగింది.

“రాంగ్ నంబర్.”

నాలుగుసార్లు రాంగ్ నంబరేమిటని ఆవిడ అడగలేదు. బొమ్మల వైపు తిరిగింది.

మేం తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. పాత రేట్లతో లెక్కలు నడిచి, బ్యాంకు ఖాతాదారులకు తప్పుడు స్టేట్‌మెంట్లు వెళ్లాయి. మేనేజర్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. ఫోన్ ఎందుకు తీయలేదని నన్నడిగింది. కొండల మధ్య సిగ్నల్ లేదన్నాను. చేత్తో ఎక్కించాల్సిన అవసరం రావచ్చని నోట్‌లో ఎందుకు లేదంది. ఎప్పుడైనా ఆగితే ఎలా ఎక్కించాలో నోటితో చెప్పాను, మరిచిపోయి ఉంటాడు అన్నాను. ఆ మాటలు ముందే అల్లుకుని వెళ్లినవి కావు. అడిగేసరికి నోట్లోంచి వచ్చేశాయి, అంత తేలిగ్గా.

ఆయన నా వైపు చూశాడు. మేనేజర్ ఆయన్ను, “నిజమేనా?” అని అడిగింది. ఆయన నన్నే చూస్తూ ఏమీ అనలేదు. మౌనాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టారు.

మూడో రోజు ఆయన ఉద్యోగం పోయింది. ఇక్కడ ఉద్యోగం పోతే, దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది. పాస్ పోతే కొద్ది వారాల్లో పెట్టెలు సర్దుకోవాలి. అంతకు నెల ముందే వాళ్లమ్మాయిని ఇక్కడి బడిలో చేర్పించారు.

తెలుగువాళ్ల మధ్య కబురు పాకింది. మరిచిపోయాడన్నది నాలుగు ఇళ్లు తిరిగేసరికి డ్యూటీలో నిద్రపోయాడన్నదిగా మారింది. నేను సరిదిద్దలేదు. మా ఇంట్లోనే ఒకాయన ఆ మాట అంటే, పళ్లెం ఆయన ముందుకు జరిపి, “ఇంకో గారె వేసుకోండి” అన్నాను.

మిత్రుడి ఇంట్లోవాళ్లు సామాను సర్దుకునే రోజు పాసిర్ రిస్ వెళ్లాను. వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. ఆయన లేడు, బడిలో సర్టిఫికెట్ తేవడానికి వెళ్లాడు. ఆయన భార్య అట్టపెట్టెలకు టేపు వేస్తూ, “ఆఫీసుల నుంచి మీరొక్కరే వచ్చిన్రు భాయ్‌సాబ్. మీ మేలు మర్చిపోం” అంది. చాయ్ ఇచ్చింది. తాగాను. రెండు పెట్టెలు లిఫ్ట్ దాకా మోశాను కూడా.

తర్వాత నేను మేనేజర్‌నయ్యాను, ఇక్కడే స్థిరపడ్డాను. కోటల కథ చెబుతూనే ఉన్నాను. మొన్న ఒక ఆదివారం, కొత్తగా వచ్చిన జంటను భోజనానికి పిలిచాం. సిగ్నల్ లేకపోవడం వల్ల ఎంత ప్రశాంతంగా గడిచిందో వాళ్లకు చెబుతున్నాను. మా అమ్మాయి పక్కనే ఉంది. ఇప్పుడు అదీ ఉద్యోగం చేస్తోంది.

“నో లా, నాన్నా. ఫోన్ మోగింది. పికప్ చెయ్యమని నేనే చెప్పా,” అంది అన్నం కలుపుకుంటూ.

వచ్చినాయన నవ్వి, “చిన్నప్పటి సంగతి, నీకెక్కడ గుర్తుంటుందమ్మా!” అన్నాడు.

“గుర్తుంది అంకుల్. ఫోర్ టైమ్స్.”

నా భార్య పెరుగు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు రాలేదు.

మర్నాడు పాతవాళ్లను అడిగి ఆ హైదరాబాదీ మిత్రుడి నంబరు సంపాదించాను. హైదరాబాద్‌లో పిల్లలకు కంప్యూటర్, లెక్కలు నేర్పుతున్నాడు. మళ్లీ ఏ బ్యాంకు పనీ దొరకలేదట. నేను మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపాడు.

“నాకు ఎరికే భాయ్.”

“ఏం ఎరిక?”

“రింగ్ అయింది గదా. సిగ్నల్ లేకుంటే రింగెట్ల అయితది? నాలుగుసార్లు విన్న. అయిదోసారి స్విచ్ ఆఫ్ అన్నది.”

“మరి ఆ రోజు గదిలో ఎందుకు చెప్పలేదు?”

“నువ్వే చెప్తవనుకున్న. నీ మొఖం చూసుకుంట కూసున్న. బయటికొచ్చినంక చెప్తవేమో అనుకున్న. రెండు రోజులు చూసిన. తర్వాత చెప్తే ఎవడు నమ్ముతడు?”

క్షమించమన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

“నా బిడ్డ బెంగుళూరుల నీ లెక్కనే కంపెనీల చేస్తది. మొన్న నన్నడిగింది, అబ్బాజాన్, మీరు నిజంగ నిద్రపోయిన్రా అని. ఎవరో ఏదో అంటే దాని చెవిల పడ్డది. నిద్రపోలేదని చెప్తే, మరి అప్పుడెందుకు చెప్పలేదంటది. అందుకే ఏం చెప్పలే. నాకు చెప్తే ఏమొస్తది భాయ్? దానికి చెప్పు. ఫోన్‌ల కాదు. రాసియ్యి, దాని దగ్గర ఉంటది.”

రాశాను. పైన ఉన్నదంతా, ఇంతకంటే పొట్టిగా. చేత్తో చేసే పని ఆయనకు చెప్పలేదని, నోటితో చెప్పానన్నది అబద్ధమని, ఆయన నిద్రపోలేదని, సాయంత్రం నాలుగింటికి నాలుగుసార్లు ఫోన్ చేశాడని. నా భార్యకు చూపించాను. చదివి, కళ్లద్దాలు తీసి, “పంపండి” అని మాత్రం అంది.

నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి నుంచి జవాబు వచ్చింది. క్షమాపణ గురించి ఒక్క మాట లేదు, తిట్టూ లేదు. ఒకటే ప్రశ్న: “ఫోన్ ఆపేశాక ఆ రోజు మీరేం చేశారు?”

తల తిరిగిందనో, ఊపిరాడలేదనో రాయబోయి చెరిపేశాను. అలాంటివేమీ జరగలేదు.

“ఇంకో రెండు కోటలు చూశాం,” అని రాసి పంపాను.