మిషన్లు ఆగాక తీసిన కొలత

చాలా ఏళ్లుగా ఒక స్క్రూడ్రైవర్ బరువు మోస్తున్నాను. జేబులో పట్టే పనిముట్టే అది. ఒక మధ్యాహ్నం దానితో ఒక మరను బిగించి, నోరు మూసుకున్నాను. నేను చేసిన తప్పు అంతే. మిగిలినదంతా ఆ తప్పు మీద నిలబడి నేను సంపాదించుకున్న మర్యాద గురించి. దాన్ని తలచుకుంటే తప్పు కంటే ఎక్కువ రోత పుడుతుంది.

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా ఉంది. అదే పని చేసే మిగతావాళ్లను ఊరు మెకానిక్ అనేది, నన్ను సార్ అనేది. ఆ రెండక్షరాల కోసం ఎంత గడ్డి తిన్నానో మీకు చెప్పాలి.

ఊరి బయట రాయి కోసి పలకలు చేసే ఒక కార్ఖానా. యజమాని సెట్టిగారు. ఆఫీసు గదిలో ఒక డెస్క్‌టాప్, దాని ముందు బిల్లులు కొట్టే ఒక ఆపరేటర్. ఊళ్లోని ముస్లిం కుటుంబం అమ్మాయి. తండ్రి లేడు, ఆమె జీతమే ఇంటికి ఆధారం. ఆమె పేరు రాయను. నా నోటి వల్ల ఆమెకు జరిగింది చాలు.

ఆ కంప్యూటర్లో పవర్ సప్లై, అంటే గోడలోంచి వచ్చే కరెంటును యంత్రానికి తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా, పదేపదే కాలిపోయేది. కొత్తది వేస్తే కొన్ని వారాలు నడిచేది. మళ్లీ అదే మాడు వాసన. వేరే కంపెనీది వేశాను. ఎక్కువ సామర్థ్యమున్నది వేశాను. మదర్‌బోర్డును విడిగా పరీక్షించాను. ఫ్యాన్‌లో పేరుకున్న పలక పొడి ఊదేశాను. గోడ సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూశాను. చూసిన ప్రతిసారీ సరిగ్గానే ఉంది.

ఎప్పుడు చూశాను? ఆ ప్రశ్న వేసుకోలేదు. అన్నం వేళ చూశాను. రంపాలు తిరుగుతున్నంతసేపు ఆ ఆవరణంతా బూడిదరంగు పొడి. కూలీలు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని అందులోనే పని చేసేవారు. నేను మాత్రం అన్నానికి మిషన్లు ఆపాక వచ్చి, మళ్లీ మొదలుపెట్టేలోగా వెళ్లిపోయేవాణ్ని. నా చొక్కా తెల్లగా ఉండాలి కదా.

ఆపరేటర్ అది కనిపెట్టింది. "ఏందన్నా, నువ్వెప్పుడు జూసినా మిషన్లు ఆగినాకనే వస్తావు? దుమ్ము పడితే కరిగిపోతావా?" అని నవ్వేది. అందరికీ సార్‌నైన నన్ను అన్నా అనేది. ఆ చనువు నాకు గిట్టేది కాదు.

ఒకరోజు మళ్లీ కాలింది. సెట్టిగారు గుమ్మంలో నిలబడ్డారు.

"ఏంది సార్ దీని రోగం? మా నాయన గుండె ఆపరేషన్ అయినాక కూడా ఇన్ని మందులు మింగలా."

తెలియదని చెప్పడం నాకు చేతకాదు. ఒకసారి అన్నం వేళ ఏదో పనిమీద ఇంటికి పోయే తొందరలో, ఆమె షట్‌డౌన్ చేయకుండా గోడ స్విచ్ ఆపడం చూశాను. అలా చేస్తే ఫైళ్లు చెడవచ్చు. పవర్ సప్లై కాలదు. ఆ తేడా నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను:

"లోపం యంత్రంలో లేదు సెట్టిగారూ. వాడే చేతిలో ఉంది. స్విచ్ టక్కున ఆపేస్తుంది."

"ఒక్కతూరి ఆపినా అన్నా. దానికే ఇన్నిసార్లు కాలిపోతాదా?"

సూటి ప్రశ్న. ఇలాంటివాళ్లకు చెప్పినా ఎక్కదన్నట్టు సెట్టిగారి వైపు చూసి నవ్వాను. ఆయనకు ఆ నవ్వు సరిపోయింది.

"రేపట్నించి రావద్దులే తల్లీ" అన్నారు.

ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. నాకు కాఫీ వచ్చింది. ఆ కాఫీ మర్యాద కోసమే ఆగాను, లేకపోతే ఎప్పటిలాగే పోయేవాణ్ని. ఇంతలో మిషన్లు మొదలయ్యాయి. తల మీద ఫ్యాన్ ఒక్కసారిగా వేగం అందుకుంది. ట్యూబ్‌లైట్ తెల్లగా మండింది. మీటర్ పెట్టాను. అంకె పైకి పాకుతోంది, ఏ పవర్ సప్లై తట్టుకోలేనంత పైకి.

కార్ఖానాకు వచ్చేవి మూడు ఫేజులు. మూడింటికీ ఉమ్మడి తిరుగుదారి న్యూట్రల్ తీగ. అది వదులైతే, మిషన్ల బరువు, అంటే లోడు, పడిన ఫేజులో వోల్టేజీ కుంగి, బరువు లేని ఫేజులో పొంగుతుంది. ఆఫీసు గది ఆ బరువు లేని ఫేజు మీద ఉంది. డిప్లొమా మొదటి ఏడాది పాఠం.

కొత్త డబ్బా బిగించాలని అబద్ధమాడి మెయిన్ ఆపించాను. వరండాలో బోర్డు తెరిచాను. న్యూట్రల్ మర వదులుగా ఉంది, తీగ తొడుగు మాడి నల్లబడింది. బిగించాను. తల తిప్పితే గేటు కనిపిస్తోంది. ఆమె ఇంకా ఆటో కోసం అక్కడే నిలబడి, చున్నీతో ముఖం తుడుచుకుంటోంది. తుడుచుకుంటున్నది దుమ్మే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. రంపాలు ఆగి ఉన్నాయి. మామూలు గొంతుతో పిలిచినా వినిపించేది.

వెనక సెట్టిగారు వచ్చారు. "ఏమన్నా దొరికిందా సార్?"

"ఏం లేదు. ఊరికే చూస్తున్నా."

ఆ తర్వాత ఆ కంప్యూటర్ ఎన్నడూ కాలలేదు. పిల్ల వెళ్లిపోయింది, యంత్రం బాగైంది. ఊరికి ఇంకేం రుజువు కావాలి? ఆ రుజువును నా చేత్తో నేనే బిగించాను. సెట్టిగారు ఆ కథను బజారంతా చెప్పారు, నాకు పని పెరిగింది, ఆమెను మాత్రం మార్కాపురంలో ఏ ఆఫీసూ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టలేదు. తర్వాత ఒక చెప్పుల దుకాణంలో పెట్టెలు సర్దుతూ కనిపించింది. అప్పటినుంచి నేను చెప్పులు గిద్దలూరులో కొంటున్నాను. నా పశ్చాత్తాపం పోయిన దూరం అంతే.

ఈమధ్య బేస్తవారిపేటలో ఒక దుకాణంలో ప్రింటర్ మొరాయిస్తే చూడటానికి పోయాను. ఆమెను ఎన్నడూ చూడని ఆ యజమాని నవ్వుతూ, "ఆపరేటరమ్మ చెయ్యి పడినాదేమో సార్!" అన్నాడు. మా వ్యాపారుల్లో అదొక వాడుక అయిపోయింది. ఏది చెడినా ఆ మాటే. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను? నవ్వకపోతే కారణం అడుగుతాడని. ఇంత చదివి, ఇంత కొలిచి, చివరికి నాకు మిగిలిన నైపుణ్యం ఆ నవ్వు.

మీరు జాలిపడకండి, మెచ్చుకోకండి. పేరు దాచి రాసే ఈ ఒప్పుకోలు కూడా మిషన్లు ఆగాక వచ్చినవాడి పనే. ఆ చెప్పుల దుకాణం మెట్లు ఇప్పటికీ ఎక్కలేదు. ఎక్కుతానని చెప్పి మిమ్మల్ని కూడా మోసం చేయను. అయినా ఇది రాస్తుంటే ఛాతీలో ఏదో సడలింది. నాకు దక్కకూడని హాయి అది. తీసుకుంటున్నాను, నా అలవాటు ప్రకారం.

దొరికింది సెట్టిగారూ. ఆ రోజే దొరికింది. మర వదులైంది. ఆ పిల్ల చెయ్యి కాదు.