దిబ్బ మీద గుడ్లు

మొన్న కాశీబుగ్గ బజారులో బుట్టెడు జీడిపండ్లు ఎండకి మగ్గి, ఆ వగరు తీపి వాసన ముక్కుకి తగలగానే నాకు నోరూరలేదు, ఒళ్ళు మండింది.

ఆ వాసన వస్తే నాకు గుర్తొచ్చేది ఒకే ఒక్క వేసవి. అప్పుడు నాకు పదేళ్ళు. వేసవి సెలవులంటే నౌపడలో అమ్మమ్మ ఇల్లే. పొద్దున్న చద్దన్నంలో ఉల్లిపాయ, మధ్యాహ్నం పనస తొనలు, సాయంత్రం జీడిపిక్కలతో ఆటలు, అన్నిటి మీదా సముద్రం వైపు నుంచి వచ్చి పెదవులకు అంటుకునే ఉప్పుగాలి. ఆ ఏడు విశాఖ నుంచి మావ, అంటే మా అమ్మ తమ్ముడు, చేతిలో కొత్త కెమెరా, మెడలో బైనాక్యులర్స్‌తో దిగాడు. గొప్ప కోసం నేనే వాగాను: ఊరి పక్కన చిత్తడి నేల, బీల అంటారు, ఆ నీళ్ళ మధ్య దిబ్బ మీద పిట్టలు గుడ్లు పెట్టాయనీ, ఉప్పుమడుల్లో పనిచేసే నూకమ్మ నాకు దూరం నుంచి చూపించిందనీ.

మర్నాడు నూకమ్మను ముందు నడిపించుకుని మోకాలి లోతు బురదలో బయల్దేరాం. దారిలో మావ బైనాక్యులర్స్ ఇచ్చాడు. తెల్లటి ఒళ్ళు, నల్లటి నెత్తి, కత్తెరలా చీలిన తోక. ఎక్కడో ఉన్న పిట్ట చటుక్కున నా కళ్ళ ముందుకొచ్చి వాలేసరికి ఊపిరి బిగబట్టాను. ఆ సంతోషం దిబ్బ ఎక్కేదాకానే. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, కీచుమంటూ మా నెత్తుల మీదికి దూకాయి. ఒకటి నా పాపిట్లో పొడిస్తే రక్తం వచ్చింది. గూళ్ళంటూ లేవు, ఉత్త నేల మీద మచ్చల గుడ్లు. మావ వాటి పక్కనే బోర్లా పడుకుని, ఫొటో పడేదాకా కదలనన్నాడు.

"నెగు బావూ, ఎల్పోదాం. తల్లి కప్పకపోతే ఎండకి గుడ్లు ఉడికిపోతాయి," అని నూకమ్మ బతిమాలింది.

"నోర్ముయ్. నీకేం తెలుసు?"

నేను చొక్కా పట్టుకుని లాగితే చెంప పగలగొట్టాడు. గంట పైనే అలా మాడాం. చివరికి లేవబోతూ రెండు గుడ్ల మీద మోకాలు మోపాడు. ఒకదాంట్లో పిల్ల ఉంది. ముక్కు ఒకసారి తెరిచి మూసింది. నూకమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుని, నా వైపు చూడకుండా, "ఈ ఆడగుంటకి సూపించి నానే తప్పు సేసినాను" అంది. మావ దెబ్బ కన్నా ఆ మాట మండింది. మూడు రోజుల తర్వాత ఒక్కదాన్నే వెళితే దిబ్బ మీద కాకులు తప్ప ఏమీ లేవు. నూకమ్మ మళ్ళీ నాతో మాట్లాడలేదు.

పోయిన నెల టెక్కలిలో ఓ పెళ్ళి భోజనాల దగ్గర మావ పదిమందిలో, "దీనికి పిట్టల పిచ్చి అంటించింది నేనే" అని నవ్వాడు.

"గుడ్లు చిదిమింది కూడా నువ్వే," అన్నాను. బంతిలో తింటున్నవాళ్ళంతా తలలెత్తి గుర్రుగా చూశారు. అమ్మ కూడా నా వైపు కోపంగానే చూసింది.

మర్నాడు నౌపడ వెళ్ళాను. నూకమ్మ పోయి చాలా కాలమైందట. దిబ్బను చదును చేసి రొయ్యల చెరువులు తవ్వారు. చెరువుల మీద ఈ చివర నుంచి ఆ చివరకు తాళ్ళు బిగించారు. గట్టు మీది కాపలా మనిషి నా మెడలోని బైనాక్యులర్స్ చూసి, "ఏటి సూత్తావమ్మా?" అని నవ్వాడు. "ఇక్కడ పిట్ట వాలదు. వాలనివ్వం."