ఆమె చేతి వేడి

శంషాబాద్ వెళ్లే ఏసీ బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి అంత చల్లటి గాలిలోనూ చెమటతో తడిసి ఉంది. బస్సు మలుపు తిరిగినప్పుడు తూలి నా చేయి పట్టుకుంది. ఆ వేడికి ఉలిక్కిపడ్డాను.

“జ్వరమా అమ్మా?”

“కాదక్కా, యోగా క్లాసుకు పోయి వస్తున్న. హీటర్లు పెట్టిన గదిలో చేయిస్తరు,” అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, “నాకు మూడో నెల. యోగా మంచిదని డాక్టరమ్మనే చెప్పింది,” అంది.

“వేడి గదిలో అని ఆమెకు చెప్పావా?”

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఉత్త యోగా అనే చెప్పిన.”

వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి, కళ్లు తిరుగుతున్నాయని కూడా చెప్పింది. అవతలి గొంతు నాకూ వినిపించింది. “కడుపుతో ఉండి ఒళ్లు అంత వేడెక్కనిస్తారా? ఆ క్లాసు మానెయ్. నీళ్లు తాగి ఇప్పుడే వచ్చెయ్, చూస్తాను. మామూలు గదిలో తేలికపాటి ఆసనాల సంగతి తర్వాత మాట్లాడదాం.”

నా సీసాలో నీళ్లన్నీ తాగించాను. శంషాబాద్‌లో ఆమెతో పాటు నేనూ దిగి, డాక్టరు దగ్గరికి ఆటో ఎక్కించాను. ఆమె నా చేయి వదల్లేదు.

“బిడ్డకేం కాదు కద అక్కా?”

“ఏం కాదు,” అన్నాను.

ఆటో కదిలింది. నాకేం తెలుసని అంత గట్టిగా చెప్పాను? ఆమె పేరైనా అడగలేదు. ఇప్పటికీ ఆ దారిలో ఎవరైనా పసిబిడ్డను ఎత్తుకుని బస్సెక్కితే, నేను ముందు తల్లి ముఖమే చూస్తాను.